'ఫ్యాక్టరీ': ఒక పదం, రెండు అర్థాలు

ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో ఫ్యాక్టరీని నెలకొల్పింది. ఈ విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు 'ఫ్యాక్టరీ'ని 'కర్మాగారం'గా అనువదిస్తే చరిత్రే తారుమారవుతుంది.

లాటిన్‌లో 'చేసేవాడు' అనే అర్థమున్న 'ఫ్యాక్టర్', ఆంగ్లంలో యజమాని తరఫున క్రయవిక్రయాలు జరిపే ప్రతినిధికి పేరైంది. కంపెనీ కొలువులో రైటర్‌కు పై మెట్టు ఫ్యాక్టర్. ఆ ఉద్యోగులు నివసిస్తూ, సరుకు నిల్వచేసి, లెక్కలు నడిపిన వర్తక స్థావరమే ఫ్యాక్టరీ. వస్త్రోత్పత్తి దాని గోడల లోపల జరగలేదు. మధ్యవర్తుల ద్వారా బయానా పుచ్చుకున్న నేతకారులు తమ ఊళ్లలో, తమ మగ్గాలపైనే బట్ట నేసేవారు. నరసాపురం సమీపంలోని మాధవాయపాలెం పేరే 'మడపోలం'గా మారి, ఆంగ్లంలో ఒక నూలుబట్టకు పేరుగా నిలిచింది.

బ్రిటన్‌లో నూలు మిల్లులు విస్తరించిన కొద్దీ, యంత్రశక్తితో ఒకే కప్పు కింద పనిచేయించే చోటు అనే అర్థం ఈ పదానికి స్థిరపడింది. అక్కడి 1833 చట్టం, భారతదేశంలోని 1881 చట్టం 'ఫ్యాక్టరీ'ని ఈ అర్థంలోనే గ్రహించాయి.

తొలి ఫ్యాక్టరీ చేనేత బట్టను సేకరించి ఎగుమతి చేసింది. మలి ఫ్యాక్టరీ మిల్లుబట్టను ఉత్పత్తి చేసి చేనేత విపణిని దెబ్బతీసింది. రెండింటినీ 'కర్మాగారం' అంటే ఈ వైరుధ్యం మరుగునపడుతుంది. నేతకారుని శ్రమఫలం కంపెనీ ఖాతాలో చేరుతుంది. కనుక మచిలీపట్నం సందర్భంలో 'వర్తక స్థావరం' అనడమే సమంజసం.