తలనొప్పి కొండల నుంచి ట్రెక్కింగ్ బాట దాకా

హిమాలయాల్లో పది రోజులు నడిచి రావాలని మీరు నిర్ణయించుకున్నారనుకుందాం. ముందుగా ఒక జాబితా రాసుకుంటారు. గట్టి బూట్లు, ఉన్ని దుస్తులు, వానకోటు, టార్చిలైటు, మందుల పెట్టె... నెల రోజుల ముందు నుంచే ఉదయం నడక కూడా మొదలు పెడతారు. ఇవన్నీ అవసరమే. అయితే ఎత్తైన పర్వతాల్లో ప్రాణాన్ని కాపాడే అసలు విషయం ఇలాంటి జాబితాల్లో సాధారణంగా కనిపించదు. అదే రోజుల లెక్క. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోవాలి, ఎక్కడ ఎన్ని రాత్రులు ఆగాలి అనే లెక్క.

చూడటానికి ఇది చిన్న విషయమే. కాని మనిషికి ఇది తెలిసి రావడానికి దాదాపు రెండు వేల ఏళ్లు పట్టింది. మధ్యలో ఎన్నో ప్రాణాలు పోయాయి. ఈ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన దేశంలోనే, మన సైనికుల అనుభవంతోనే తయారయింది.

మైదాన ప్రాంతాల వారమైన మనకు ఈ కథ మరింత అవసరం. తెలుగు నేలపై తూర్పు కనుమల్లోని అత్యున్నత శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు. తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే. మెట్ల దారిన తిరుమల చేరిన వారికి కాళ్లు పీకుతాయి, ఆయాసం వస్తుంది. కాసేపు కూర్చుంటే అన్నీ సర్దుకుంటాయి. కాని లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. కేదార్‌నాథ్ 3,580, అమర్‌నాథ్ గుహ 3,880 మీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉన్నాయి. అక్కడ ఊరికే కూర్చున్న మనిషికి కూడా జబ్బు చేయవచ్చు. తిరుమల మెట్లెక్కిన ధైర్యం అక్కడ పనికిరాదు.

విషపు గాలి

క్రీస్తుకు పూర్వం 30వ సంవత్సర ప్రాంతంలో చైనాను హాన్ వంశీయులు పాలించేవారు. నేటి కాశ్మీర్, గాంధార ప్రాంతాల్లోని ఒక రాజ్యానికి రాయబారులను పంపే విషయంలో డూ చిన్ అనే అధికారి అభ్యంతరం చెప్పాడు. దారిలో పెద్ద తలనొప్పి కొండ, చిన్న తలనొప్పి కొండ అనేవి ఉన్నాయని, అక్కడ మనుషులకు ఒళ్లు కాలుతుందని, ముఖం పాలిపోతుందని, తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయని ఆయన హెచ్చరించాడు. గాడిదలు, పశువులు సైతం అదే బాధ పడతాయన్నాడు. కొండ జబ్బు గురించి మనకు దొరికిన తొలి వర్ణనల్లో ఇది ఒకటి. లక్షణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కారణం మాత్రం ఎవరికీ తెలియదు.

హిమాలయ వాసులు దీన్ని విషపు గాలి అనేవారు. టిబెటన్లది కనుమ విషం అన్న మాట. కొన్ని మొక్కల నుంచి, పూల నుంచి విషం గాలిలో కలుస్తుందని పలుచోట్ల నమ్మేవారు. నేపాలీలు నేటికీ 'లేక్ లాగ్యో' అంటారు. 'ఎత్తు సోకింది' అని దాని భావం. ఈ నమ్మకాలను చూసి నవ్వనక్కర లేదు. కంటికి కనిపించనిది ఏదో గాలిలో ఉంది, కిందికి దిగితే నయమవుతుంది అన్న రెండు విషయాలూ అనుభవంతో తెలుసుకున్నవే. నిజానికి గాలిలో ఏదో ఎక్కువ కాలేదు, తగ్గింది. పొరపాటల్లా అక్కడే.

ఆ దిశగా మొదట ఆలోచించిన వారిలో హోసే డి అకోస్టా అనే స్పెయిన్ మతగురువు ఒకరు. ఆయన పెరూ దేశపు ఆండీస్ పర్వతాలను దాటుతూ తీవ్రంగా జబ్బుపడ్డాడు. అక్కడి గాలి మనిషి శ్వాసకు చాలనంత పలచగా ఉందని 1590లో ప్రచురించిన తన గ్రంథంలో ఊహించాడు. గాలికి బరువు ఉంటుందని రుజువు కావడానికి అర్ధ శతాబ్దం ముందు చేసిన ఊహ అది.

పాదరసం చెప్పిన నిజం

1643లో ఇటలీలో టోరిసెల్లి పాదరస భారమితిని రూపొందించాడు. 1648లో ఫ్రాన్స్‌లో పాస్కల్ కోరికపై ఆయన బావ పెరియే ఆ పరికరాన్ని ఒక కొండపైకి మోసుకెళ్లాడు. పైకి పోయేకొద్దీ పాదరసం కిందికి దిగింది. ఎత్తు పెరిగితే వాతావరణ పీడనం తగ్గుతుందని తేలింది. కాని దీనికీ కొండ జబ్బుకూ ముడి వేయడానికి మరో రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది.

ఆ పని చేసినవాడు ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు పాల్ బేర్. పీడనాన్ని తగ్గించగల లోహపు గదులు కట్టించి, వాటిలో జంతువులను, తనను తాను పరీక్షించుకున్నాడు. పీడనం తగ్గగానే నీరసం, తల తిరగడం మొదలయ్యేవి. ఆక్సిజన్ పీలిస్తే అవి పోయేవి. ఆయన గ్రంథం 1878లో వెలువడింది.

ఇక్కడ చాలామందికి ఉండే ఒక అపోహను తొలగించుకుందాం. ఎత్తైన చోట గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు. సముద్ర తీరంలోనూ, ఎవరెస్టు శిఖరంపైనా అది సుమారు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. అందువల్ల ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్లే ఆక్సిజన్ పరిమాణం తగ్గుతుంది. లేహ్‌లో పీడనం తీర ప్రాంతంలో ఉన్న దానిలో దాదాపు మూడింట రెండు వంతులు. 5,500 మీటర్ల దగ్గర సగం. ఎవరెస్టుపై మూడో వంతు.

1875 ఏప్రిల్ 15న ముగ్గురు ఫ్రెంచివారు జెనిత్ అనే బెలూన్‌లో 8,000 మీటర్లు దాటి పైకి వెళ్లారు. వెంట ఆక్సిజన్ సంచులు ఉన్నాయి. అవి చాలవని పాల్ బేర్ రాసిన హెచ్చరిక వారికి సమయానికి అందలేదు. తీరా అవసరం వచ్చేసరికి గొట్టాన్ని నోటిదాకా ఎత్తే శక్తి చేతులకు లేకపోయింది. ఇద్దరు చనిపోయారు. టిసాందియే అనే ఒక్కడే బతికి కిందికి వచ్చాడు.

మరి 1924లో నార్టన్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు ఆక్సిజన్ సిలిండర్ లేకుండానే ఎవరెస్టుపై దాదాపు 8,570 మీటర్ల దాకా నడిచి, తిరిగి ఎలా వచ్చాడు? అదే గాలి, అదే మానవ శరీరం. తేడా కాలంలో ఉంది. బెలూన్ రెండు గంటల్లో పైకి లేచింది. నార్టన్ బృందం డార్జిలింగ్ నుంచి టిబెట్ మీదుగా నెలకు పైగా నడిచి బేస్ క్యాంపు చేరింది. ఆ తర్వాత కొండ మీద ఇంకొక నెల గడిపింది. ఆ సుదీర్ఘమైన నడకే వారికి తెలియకుండా వారి శరీరాలను సిద్ధం చేసింది.

ఒంట్లో జరిగే సర్దుబాటు

ఆ సిద్ధం కావడం అంటే ఏమిటో చూద్దాం. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెడలోని ధమనుల దగ్గర ఉండే చిన్న గ్రాహకాలు మెదడుకు కబురు పంపుతాయి. శ్వాస వేగం, లోతు పెరుగుతాయి. ఇందువల్ల ఆక్సిజన్ కొంత ఎక్కువ అందుతుంది కాని, కార్బన్ డయాక్సైడ్ అతిగా బయటికి పోయి రక్తం క్షార గుణం పొందుతుంది. అప్పుడు మెదడు 'ఇక చాలు' అని శ్వాసకు కళ్లెం వేస్తుంది. ఆ కళ్లెం సడలాలంటే మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను మూత్రంలో వదిలి రక్తాన్ని సరిచేయాలి. దీనికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. మీరు ఎంత బలవంతులైనా మూత్రపిండాలను తొందరపెట్టలేరు.

ఎర్ర రక్తకణాల సంఖ్య పెరగడం మరో మార్పు. దానికి ఆదేశం గంటల్లోనే వెళ్తుంది కాని ఫలితం రావడానికి వారాలు పడుతుంది. కణాలు ఆక్సిజన్ కొరతను ఎలా పసిగడతాయో కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో వైద్య నోబెల్ బహుమతి లభించింది.

వేగం తెచ్చిన ముప్పు

కాలినడకన వెళ్లినంత కాలం మనిషికి ఈ రోజులు ఉచితంగా దొరికేవి. దారి దూరమే మందుగా పనిచేసేది. రైలు, విమానం వచ్చి ఆ రోజులను మింగేశాయి.

1913లో థామస్ రావెన్‌హిల్ అనే వైద్యుడు చిలీ దేశపు గనుల్లో చూసిన రోగుల గురించి రాశాడు. సముద్ర తీరం నుంచి రైల్లో నేరుగా 4,500 మీటర్లకు పైన ఉన్న గనులకు చేరిన వారు వారు. కొందరికి తలనొప్పి, వాంతులు వచ్చి తగ్గిపోయేవి. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరేది. మరికొందరికి మెదడు దెబ్బతినేది. నేటి వైద్యం చెప్పే మూడు రూపాలనూ ఆయన స్పష్టంగా వేరు చేశాడు. కాని ఆ వ్యాసాన్ని ప్రపంచం అర్ధ శతాబ్దం పాటు మరచిపోయింది. కొండలపై ఊపిరాడక చనిపోయిన వారికి న్యుమోనియా వచ్చిందనే వైద్యులు భావించేవారు. అది న్యుమోనియా కాదని, ఎత్తు వల్లనే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని అమెరికా వైద్యుడు చార్లెస్ హూస్టన్ 1960లో రాసిన తర్వాతే విషయం అందరి దృష్టికీ వచ్చింది.

రెండేళ్లకే, 1962లో, చైనాతో యుద్ధం వచ్చింది. మైదానాల్లో ఉన్న మన సైనికులను హుటాహుటిన విమానాల్లో లడఖ్‌కు చేర్చవలసి వచ్చింది. వారు దృఢకాయులు, యువకులు. అయినా తూటా తగలకుండానే అనేకులు కుప్పకూలారు. సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు ఈ రోగులను ఓపికగా పరిశీలించారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన 332 మంది వివరాలను 1965లోనూ, కొండ జబ్బు పడిన 1,925 మంది వివరాలను 1969లోనూ ప్రచురించారు. ఇంత పెద్ద సంఖ్యలో రోగులను అంతకు ముందు ఎవరూ పరిశీలించలేదు. లక్షణాలు చేరిన వెంటనే కాక, 6 గంటల నుంచి 96 గంటల లోపు మొదలవుతాయని వారు చూపించారు. 'దిగగానే బాగానే ఉన్నాను కదా' అనే ధీమా ఎంత ప్రమాదకరమో దీన్ని బట్టి గ్రహించవచ్చు.

ఈ అనుభవం నుంచే మన సైన్యం మూడు దశల పద్ధతిని అమలు చేసింది. 2,700 నుంచి 3,600 మీటర్ల మధ్య 6 రోజులు, 4,500 మీటర్ల దాకా మరో 4 రోజులు, ఆపైన ఇంకో 4 రోజులు. మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. తర్వాత నెమ్మదిగా నడక. బరువులు మోయడం ఆ తర్వాతే.

యాత్రికుల వంతు

సైనికుల తర్వాత పర్యాటకుల వంతు వచ్చింది. 1964లో జిమ్మీ రాబర్ట్స్ అనే మాజీ సైనికాధికారి కాఠ్మండులో ట్రెక్కింగ్ సంస్థ ప్రారంభించాడు. అదే ఏడాది ఎడ్మండ్ హిల్లరీ చొరవతో లుక్లాలో విమానాల పట్టీ తయారయింది. అది పాఠశాలలు, ఆసుపత్రి కట్టడానికి సామగ్రి దించుకునేందుకు వేసినది. కాని కొద్ది కాలానికే ఎవరెస్టు దారిలో నడిచేవారు రెండు వారాల కాలినడకను మానేసి, అరగంటలో 2,860 మీటర్ల ఎత్తున దిగసాగారు.

ఫలితం త్వరలోనే కనిపించింది. 1973లో నేపాల్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ ఏర్పడింది. సుమారు 4,240 మీటర్ల ఎత్తున ఫెరిచేలో వైద్య కేంద్రం వెలిసింది. అక్కడ పీటర్ హ్యాకెట్, ఆయన సహచరులు 278 మంది ట్రెక్కర్లను పరీక్షించి 1976లో ఫలితాలు వెల్లడించారు. 53 శాతం మందిలో కొండ జబ్బు లక్షణాలు ఉన్నాయి. విమానంలో లుక్లా చేరిన వారిలో, త్వరగా ఎక్కిన వారిలో, తక్కువ రాత్రులు ఆగిన వారిలో జబ్బు ఎక్కువ. ఆడ, మగ తేడాకు, మోసే బరువుకు దీనితో సంబంధం కనిపించలేదు. వయసులో చిన్నవారికి రక్షణ లేకపోగా, వారిలోనే జబ్బు ఎక్కువగా ఉంది.

మీ లెక్క మీరే వేసుకోండి

ఈ చరిత్ర అంతా నేడు రెండు మూడు చిన్న నియమాలుగా మన చేతికి వచ్చింది. 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. ప్రతి మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తులో మరో రాత్రి గడపాలి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లినా, రాత్రికి కిందికి దిగి పడుకోవడం మంచిది.

ఎవరెస్టు బేస్ క్యాంపు ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకోండి. లుక్లాలో దిగి, ఇంకా కిందనున్న ఫాక్‌డింగ్‌లో (2,610 మీటర్లు) ఒక రాత్రి. నామ్చే బజార్‌లో (3,440) రెండు రాత్రులు. టెంగ్‌బోచేలో (3,860) ఒకటి. డింగ్‌బోచేలో (4,410) రెండు. లోబుచేలో (4,940), గోరఖ్‌షెప్‌లో (5,160) ఒక్కొక్కటి. వెళ్లేటప్పుడే మొత్తం 8 రాత్రులు. నామ్చేలో, డింగ్‌బోచేలో రెండో రాత్రి దండగ అనిపిస్తుంది. సెలవులు తక్కువైనప్పుడు జనం ముందుగా కోసేది ఆ రాత్రులనే. మూత్రపిండాలు తమ పని పూర్తి చేసుకునే రాత్రులు అవే.

విమానంలో లేహ్ వెళ్తే మొదటి రెండు రోజులు ఊళ్లోనే విశ్రాంతి తీసుకోండి. కనుమలు, సరస్సులు తర్వాత. తిరుగు ప్రయాణపు టికెట్టుకు ముందు ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. దారిలో ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే ఆగగలిగే వెసులుబాటు అదొక్కటే.

తలనొప్పితో పాటు ఆకలి లేకపోవడం, వాంతి, తల తూలడం, విపరీతమైన నీరసం ఉంటే అది కొండ జబ్బే అనుకోండి. తగ్గేదాకా పైకి ఎక్కవద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, గీత మీద నడిచినట్టు తిన్నగా నడవలేకపోయినా, మాట తికమక పడినా రాత్రయినా సరే కిందికి దించాలి. రోగిని ఒంటరిగా పంపకూడదు. అసిటజోలమైడ్ అనే మందు మూత్రపిండాల పనిని కొంత త్వరపెడుతుంది. వైద్యుని సలహాతోనే వాడాలి. సల్ఫా మందులు పడనివారు ఈ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. ఏ మందూ దిగడానికి ప్రత్యామ్నాయం కాదు.

మైదానంలో చేసే ఏ పరీక్షా మీ శరీరం ఎత్తును ఎలా తట్టుకుంటుందో ముందుగా చెప్పలేదు. లిపులేఖ్ దారిన కైలాస మానససరోవరానికి వెళ్లే వారిని ఢిల్లీలో పరీక్షించాక, కొండల్లో గుంజీ దగ్గర మళ్లీ పరీక్షించేది ఇందుకే. నేపాల్‌లో కొండ జబ్బు మరణాలను పరిశీలించిన వైద్యులకు మరో విషయం తెలిసింది. చనిపోయిన వారిలో ఎక్కువమంది ఒంటరిగా తిరిగినవారు కాదు, ముందే నిర్ణయించిన తేదీల ప్రకారం బృందాలుగా నడిచినవారు. వెనకబడితే అందరికీ ఇబ్బంది అవుతుందని మొహమాటపడి బాధను దాచుకున్నవారు. కాబట్టి బయల్దేరే ముందే మీ బృందంలో ఒక మాట అనుకోండి. తలనొప్పి వచ్చినవారు వెంటనే చెప్పాలి, చెప్పినవారిని ఎవరూ తప్పు పట్టకూడదు.

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. మైదానంలో పుట్టిన వారికి కొండలు అందనివి కావని ఆ అమ్మాయి నిరూపించింది. దాని వెనుక డార్జిలింగ్‌లో, లడఖ్‌లో తీసుకున్న శిక్షణ, కొండ మీద ఓపికగా గడిపిన వారాలు ఉన్నాయి. మీరు వెళ్లేది శిఖరానికి కాకపోవచ్చు, లెక్క మాత్రం అదే. ఒక కాగితం మీద ప్రతి రాత్రికీ ఊరి పేరు, దాని ఎత్తు రాసుకోండి. వరుసగా ఉన్న రెండు అంకెల మధ్య తేడా 500 మీటర్లు దాటిన చోటల్లా అదనంగా ఒక రాత్రి కలపండి. అలా కలిపాక వచ్చిన రోజులకు మీ సెలవులు చాలకపోతే, రోజులను కాక దారిని తగ్గించుకోండి.