నల్లగొండ మేత్రాసనము – మనవారి చరిత్రము

మాధాపురము, గచ్చిబౌలి ప్రాంతముల నేడు ఉద్యోగములు చేయుచున్న మన యువకులలో నల్లగొండ పల్లెలనుండి వచ్చినవారు కలరు. తాము జ్ఞానస్నానము పొందిన మేత్రాసన మెట్లు పుట్టినదో వారిలో పెక్కురకు తెలియదు. కావున నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

హైదరాబాదు మిషను 1851లో మద్రాసునుండి వేఱుపడి, 1886లో మేత్రాసనమయ్యెను. 1855 మొదలుకొని మిలాను నగరపు గురువులు నిజాము రాజ్యమునను, కృష్ణాతీరమునను పాటుపడిరి. సీమ మిక్కిలి విశాలమగుటచే 1937లో బెజవాడయు, 1952లో వరంగల్లును ప్రత్యేక మేత్రాసనములైనవి. 1976వ సంవత్సరము మే 31వ తేదీని ఆఱవ పౌలు పోపుగారి కాలమున నల్లగొండ మేత్రాసనము స్థాపితమయ్యెను.

పీఠాధిపతుల పేరులు వరుసగా దొరకును. కాని పల్లెలో సంఘమును నిలిపినవాడు ఉపదేశి. గురువు పెక్కు గ్రామముల కొక్కడగుటచే ఎప్పుడో గాని వచ్చెడివాడు కాడు. జపములు చెప్పించుట, జ్ఞానోపదేశమును కంఠస్థము చేయించుట, ప్రాణము పోవుచున్న శిశువునకు జ్ఞానస్నాన మిచ్చుట, శవమును సాగనంపుట, అన్నియు నాతని పనులే. పగలెల్ల వెట్టిచేసి వచ్చిన కూలివానికి రాత్రి దీపము క్రింద అక్షరములు దిద్దించినవాడును అతడే. వేదాధ్యయనము మాట యటుండనిండు, ఓనమాలకే నోచుకొనని వాడలలో నిది స్వల్పకార్యమా?

ఇక చెప్పక తప్పని మాట. జ్ఞానస్నానము కులమును కడిగివేయలేదు. తెలుగు విచారణలు కొన్నింట గుడిలోను, సమాధుల దొడ్డిలోను భేదములు నిలిచియే యున్నవి. ప్రభుత్వమో, మతముతో కులమును పోయినదని తలచినది! షెడ్యూల్డు కులములనుగూర్చిన 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరింపబడెను, క్రైస్తవులకు లేదు. మనవారికి దక్కినది వెనుకబడిన తరగతుల 'సి' వర్గమున 1 శాతము. ఒకే యింట హిందువుగా నమోదైన అన్న 15 శాతములోను, జ్ఞానస్నానపత్రము గల తమ్ముడు 1 శాతములోను నిలుచుచున్నారు. హైటెక్ సిటీ కంపెనీలలో రిజర్వేషను లేదనుట నిజమే; కాని యచ్చటికి పోవు దారి ఇంజినీరింగు సీటు వద్దనే యిఱుకగుచున్నది. పత్రములలో జోసెఫును రాజయ్యగా మార్చుకొను పిల్లవాని నెట్లు నిందింతుము?

2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినలైరి. దళితులలో నా పదవి నందిన తొలివారు వారే. సంతోషమే. కాని ఉపదేశుల పేరులింకను మాసిపోవుచునే యున్నవి. నల్లగొండ విచారణల వృద్ధులు తమ యూరి తొలి ఉపదేశి పేరును, ఆయన యెచ్చట చదువుకొన్నదియు, ఎవరికి చదువు చెప్పినదియు వ్రాసి సంఘమునకు పంపినచో, వచ్చు సంచికలో ముద్రింప ప్రయత్నింతుము.