రెండో పడకగదిలో పుట్టిన కుర్చీ

హైదరాబాదులోనో విజయవాడలోనో కొత్తగా తెరిచిన కాఫీ షాపుకు వెళ్తే ఒక రకం కుర్చీ తరచూ కనిపిస్తుంది. నడుముకు ఒదిగేలా వంపు తిరిగిన ఒకే ముక్క ప్లాస్టిక్ ఆసనం, కింద ఏటవాలుగా విచ్చుకున్న నాలుగు కర్రకాళ్లు, వాటి నడుమ అడ్డదిడ్డంగా బిగించిన నల్లటి ఇనప కడ్డీలు. అది ఎవరు గీసిందో కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడికి అక్కర్లేదు. ఆన్‌లైన్ అంగళ్లలో మాత్రం ‘ఈమ్స్ కుర్చీ’ అన్న పేరు వదలకుండా అంటిపెట్టుకుని ఉంది. నకలుకు నకలు తీసినదానికీ అదే పేరు.

ఈమ్స్ అంటే ఇద్దరు: ఛార్లెస్, రే. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం నడిమిభాగంలో జీవించిన మొగుడూ పెళ్లాలు. ఈ ప్లాస్టిక్ కుర్చీకి ఒక అక్క ఉంది, ప్లైవుడ్‌ది. కథంతా ఆ అక్కదే. అది పుట్టింది కార్ఖానాలో కాదు, అద్దె ఇంటి రెండో పడకగదిలో.

చెక్కను వంచడం వాళ్లు కనిపెట్టిన విద్య కాదు. ఆస్ట్రియాలో మైకేల్ థోనెట్ బీచ్ కర్రను ఆవిరితో మెత్తబరిచి వంచి, 1859 నాటికే హోటళ్ల కోసం తేలికైన కుర్చీలు చేశాడు. 1930లలో ఫిన్లాండ్‌లో ఆల్వార్ ఆల్టో ప్లైవుడ్ పలకను చాపచుట్టలా వంచి చూపించాడు. అయితే ఆ వంపులన్నీ ఒకే దిక్కుకు. మనిషి శరీరం అలా ఉండదు. పిరుదుల దగ్గర రెండు దిక్కులా గుంట కావాలి, వీపు దగ్గర రెండు దిక్కులా ఒంపు కావాలి. కాగితాన్ని గొట్టంలా చుట్టడం చిన్నపిల్లలకూ చేతనవుతుంది. అదే కాగితాన్ని ముడత పడకుండా కొబ్బరిబోండానికి తొడగమంటే ఎవరివల్లా కాదు. పల్చటి చెక్కపొరలను జిగురుతో అతికి చేసే ప్లైవుడ్‌కూ ఇదే చిక్కు. రెండో దిక్కుకు లాగితే పగులుతుంది.

ఆ చిక్కులో ఛార్లెస్ మొదట తలదూర్చింది మిషిగన్ రాష్ట్రంలోని క్రాన్‌బ్రూక్ కళాశాలలో. 1907లో సెయింట్ లూయిస్‌లో పుట్టాడు, వాస్తుశిల్పం చదువు మధ్యలో వదిలేశాడు, పెళ్లయింది, ఒక కూతురు. 1938లో క్రాన్‌బ్రూక్ చేరాడు. స్నేహితుడు ఈరో సారినెన్‌తో కలిసి న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 1940లో పెట్టిన గృహోపకరణాల పోటీకి కుర్చీలు గీశాడు. ఆ సెప్టెంబరులోనే క్రాన్‌బ్రూక్‌కు వచ్చింది రే కైజర్. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో 1912లో పుట్టిన చిత్రకారిణి. న్యూయార్క్‌లో హన్స్ హాఫ్‌మన్ దగ్గర ఏళ్లపాటు నైరూప్య చిత్రకళ నేర్చుకుంది. పోటీకి పంపే పటాలూ నమూనాలూ తయారుచేయడంలో ఆమె చెయ్యి ఉంది. బహుమతి వచ్చింది. తర్వాత తెలిసింది, ఆ కుర్చీలను వేలల్లో కాదు, పదుల్లో కూడా సరిగ్గా చేయలేమని. పలక వంపు దగ్గర బీటలు వారేది. ఆ బీటలు కనపడకుండా పైన దూదీ గుడ్డా కప్పాల్సి వచ్చింది.

ఓడిపోయిన బహుమతి అన్నమాట. దాన్ని సరిచేయాలన్న పట్టుదల ఒకపక్క, ప్రేమ ఒకపక్క. మొదటి పెళ్లి విడాకులతో ముగిసింది. 1941లో ఛార్లెస్ రేకు రాసిన పెళ్లి ఉత్తరం దాచి ఉంచారు. తనకు ముప్పైనాలుగేళ్లు నిండబోతున్నాయనీ, చేతిలో చిల్లిగవ్వ లేదనీ, అయినా వెంటనే పెళ్లి చేసుకోవాలనుందనీ రాశాడు. అక్షరదోషాలతో సహా. చివర ఒక చెయ్యి బొమ్మ గీసి, ఉంగరానికి వేలి కొలత అడిగాడు. డిజైనర్ కదా, కొలత లేనిదే పని మొదలుపెట్టడు. జూన్ 20న షికాగోలో పెళ్లయింది. కారులో లాస్ ఏంజెలెస్‌కు బయల్దేరారు. ఆ ప్రయాణమే వాళ్ల హనీమూన్.

లాస్ ఏంజెలెస్‌లోని వెస్ట్‌వుడ్‌లో రిచర్డ్ న్యూట్రా కట్టిన అపార్ట్‌మెంట్‌లలో ఒకటి అద్దెకు తీసుకున్నారు. పగలు ఛార్లెస్ ఎంజీఎం సినిమా స్టూడియో కళావిభాగంలో ఉద్యోగం. సాయంత్రం ఇంటికొస్తూ చెక్కపొరలూ జిగురూ వెంట తెచ్చేవాడు. రెండో పడకగదిలో కర్రచట్రం, ప్లాస్టర్ అచ్చు, అచ్చులో వేడెక్కే విద్యుత్ తీగలు అమర్చి ఒక యంత్రం కట్టారు. పొరల నడుమ జిగురు పూసి అచ్చులో పెట్టి, మీద గాలితిత్తిని సైకిల్ పంపుతో ఊది, బిగించి, గంటల తరబడి వేడిమీద ఉంచాలి. గాలి తగ్గితే మళ్లీ పంపు కొట్టాలి. ఆ యంత్రానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘కజామ్’. గారడీవాడు మంత్రం వేసినట్టు లోపల పెట్టిన పొరలు వంపు తిరిగి బయటికి వస్తాయని. తీగలకు చాలినంత కరెంటు కోసం ఛార్లెస్ వీధి స్తంభం ఎక్కాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమైతే ఆధునిక ఫర్నిచర్ చరిత్ర కొంత కరెంటు దొంగతనంతో మొదలైందనుకోవాలి.

కొత్త కాపురం, ఇరుకిల్లు, రాత్రంతా జిగురు వాసన. ఫోటోలో చూస్తే ముచ్చటగానే ఉంటుంది గానీ రోజూ పీల్చవలసింది ఆ గాలే. ఆ పనిలో ఎవరిది ఎంత అన్న లెక్క అక్కడ తెగదు. యంత్రం బిగించడం, పొరలు కోయడం, రూపం దిద్దడం ఇద్దరూ చేశారు. చిత్రకళలో ఆకారాలను బాలెన్స్ చేయడం నేర్చిన కన్ను రేది. ఆ రోజుల్లోనే ఆమె ప్లైవుడ్‌తో శిల్పాలూ చేసింది, ఒక వాస్తు పత్రికకు ముఖచిత్రాలూ వేసింది. ఆ శిల్పాల మెలికలకూ తర్వాతి కుర్చీల అంచులకూ చుట్టరికం ఉందని కళ్లున్నవాడికి చెప్పనక్కర్లేదు.

కుర్చీ కంటే ముందు ఆ యంత్రం చేసిన ఉపకారం వేరు. 1941 చివర అమెరికా యుద్ధంలో దిగింది. సైన్యంలో పనిచేసే వైద్యమిత్రుడొకడు మాటల్లో చెప్పాడు: విరిగిన కాళ్లకు కట్టే లోహపు బద్దలు స్ట్రెచర్ కదిలినప్పుడల్లా అదిరి గాయాన్ని ఇంకా రేపుతున్నాయని. ఛార్లెస్ తన కాలికే అచ్చు తీశాడు. తొడ నుంచి మడమ దాకా కాలిని పొదివిపట్టుకునే ప్లైవుడ్ బద్ద తయారైంది. దానికి అక్కడక్కడా కోసిన సందులు చూడటానికి అలంకారంలా ఉంటాయి. ఆ కోతల వల్లే చెక్క పగలకుండా వంగింది. కట్టుగుడ్డ దూర్చడానికీ అవే పనికొచ్చాయి. 1942లో నౌకాదళం ఐదు వేలకు ఆర్డరిచ్చింది. యుద్ధం ముగిసేసరికి దాదాపు 1,50,000 బద్దలు తయారయ్యాయి. చెక్క, జిగురు, అప్పుడు గోప్యంగా ఉన్న సాంకేతిక విషయాలు, డబ్బు అన్నీ నౌకాదళం ద్వారా అందుబాటులోకి వచ్చాయి. పడకగది ప్రయోగం వెనిస్ పేటలో వాషింగ్టన్ బులవార్డ్ 901వ నంబరు షెడ్డుకు మారింది.

యుద్ధం తర్వాత కుర్చీ మళ్లీ మొదలైంది. ఒకే పలకలో ఆసనం, వీపు రెండూ తేవాలన్నది పాత కల. ఎంత ప్రయత్నించినా ఆ రెండూ కలిసే మలుపు దగ్గర చెక్క మొరాయించింది. చివరికి ఆ పట్టు వదిలి రెండు ముక్కలుగా చేశారు. ఆసనం విడిగా, వీపు విడిగా, నడుమ ఒక వెన్నుకర్ర. వీపు పలకకు రబ్బరు బిళ్లలు అతికి వాటి మీద బిగించారు. ఆనుకుంటే పలక కొంచెం వెనక్కి ఊగుతుంది. అందంగా ఉందని మనం మెచ్చుకునే ఆ ఎడం, ఆ తేలికదనం, నిజానికి చెక్కతో రాజీపడటం వల్ల వచ్చాయి. నా మట్టుకు ఈ కుర్చీలో గొప్పదనం అక్కడే ఉంది. ఓటమిని ఈసారి గుడ్డ కింద దాచలేదు. 1999లో టైమ్ పత్రిక దీన్ని శతాబ్దపు మేలైన డిజైన్ అని ఎంచింది.

1946లో న్యూయార్క్ మ్యూజియం ఈ సామాను ప్రదర్శించింది. శీర్షికలో ఛార్లెస్ ఈమ్స్ పేరొక్కటే ఉంది. రే లేదు. షెడ్డులో కలిసి పనిచేసిన హ్యారీ బెర్టోయా వంటివాళ్లూ లేరు. బెర్టోయా విడిపోయి వెళ్లి తర్వాత ఇనపతీగ కుర్చీలతో తన పేరు తాను తెచ్చుకున్నాడు. రే ఎక్కడికి వెళ్తుంది? పదేళ్లు గడిచాక 1956లో వాళ్ల తోలు పడకకుర్చీని టీవీలో పరిచయం చేసినప్పుడు కూడా ఆమెను భర్త వెనకున్న సమర్థురాలిగానే పిలిచారు. ‘వెనక’ కాదు, పక్కన అని లోకం ఒప్పుకునేసరికి చాలా ఆలస్యమైంది.

వాళ్ల ఆదివారాల మాట చెప్పాలి. పసిఫిక్ సముద్రం కనిపించే గుట్ట మీద, యూకలిప్టస్ చెట్ల వరస పక్కన, ఒక పచ్చికబయలు కొన్నారు. ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్ పత్రిక చేపట్టిన నమూనా ఇళ్ల పథకంలో అది ఎనిమిదో నంబరు. 1945లో ఛార్లెస్, ఈరో గీసిన ప్లానులో ఇల్లు గుట్ట మీంచి బయలు మీదికి వంతెనలా చొచ్చుకువస్తుంది. యుద్ధానంతరపు కరువులో ఉక్కు రావడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. ఈలోగా వీళ్లు తీరిక దొరికితే అక్కడికి వెళ్లి, స్నేహితులతో వనభోజనాలు చేసి, ఆ గడ్డిలో కూర్చుని వచ్చేవారు. అలా కూర్చోగా కూర్చోగా, అందమైన స్థలం మీద ఇల్లు కట్టి ఆ అందాన్నే చెరపబోతున్నామని తెలిసొచ్చింది. ప్లాను మార్చేశారు. వచ్చిన ఉక్కునే వాడుకుని ఇంటిని గుట్ట అంచుకు ఆనించి, బయలును బయలుగా వదిలేశారు. 1949 క్రిస్మస్ ముందురోజు కాపురం పెట్టారు. ఇద్దరూ చనిపోయేదాకా అదే ఇల్లు. 2025 జనవరిలో పసిఫిక్ పాలిసేడ్స్‌ను తగలబెట్టిన కార్చిచ్చు నుంచి కూడా ఆ ఇల్లు బయటపడింది.

పైకి ఉక్కుచట్రం, గాజు, రంగుపలకలు. లోపల మాత్రం సంత. బొమ్మలు, గవ్వలు, తివాచీలు, గాలిపటాలు, ఎక్కడెక్కడి జానపద వస్తువులో. ఆధునికుల ఇళ్లలో ఖాళీ గోడలే ఉండాలనుకునేవాళ్లకు ఆ ఇల్లు మింగుడుపడదు. భోజనానికి ఎవరైనా వస్తే పువ్వులు, పళ్లేలు, వాటి వరస దగ్గర్నుంచి రే ఆలోచించేది. సర్కసంటే ఛార్లెస్‌కు పిచ్చి, ఎన్నో వందల ఫోటోలు తీశాడు. పాత బొమ్మరైళ్లతో 1957లో ఒక సినిమాయే తీశారు. సరదాకు వెళ్లిందే మళ్లీ పనిలోకి వచ్చేది. అందుకని వాళ్ల జీవితంలో శనాదివారాలు అనే మాటకు మనకున్న అర్థం లేదు. ఆఫీసు వారమంతా, రాత్రి దాకా నడిచేది. కింద పనిచేసే కుర్రాళ్లు దానికి సంతోషించారా అన్నది వేరే సంగతి. 1977లో వాళ్లు తీసిన ‘పవర్స్ ఆఫ్ టెన్’ అన్న తొమ్మిది నిమిషాల చిత్రం మొదలయ్యేదీ వనభోజనంతోనే. షికాగోలో సరస్సు దగ్గర ఒక జంట తింటుంది, మగవాడు నిద్రపోతాడు. కెమెరా పది సెకన్లకొకసారి పదింతల దూరం జరుగుతూ పాలపుంతలు దాటిపోయి, మళ్లీ వెనక్కొచ్చి ఆ మగవాడి చేతి చర్మంలోంచి పరమాణువు లోపలికి దూరుతుంది.

ప్లాస్టిక్ చెల్లెలి సంగతి త్వరగా చెప్పొచ్చు. చౌక ఫర్నిచర్ కోసం 1948లో మళ్లీ ఒక పోటీ. లోహపు రేకును అచ్చుగుద్దాలనుకున్నారు, ఖర్చెక్కువైంది. యుద్ధకాలంలో విమానాల్లో వాడిన ఫైబర్‌గ్లాస్‌తో 1950లో ఒకే ముక్క కుర్చీ వచ్చింది. చెక్క ఒప్పుకోని మలుపును గాజుపీచు ఒప్పుకుంది. ఎక్కువమందికి, తక్కువ ఖర్చులో, మంచి వస్తువు అందించాలన్నది వాళ్ల లక్ష్యం.

ఆ లక్ష్యమే వాళ్లను ఇండియాకు తెచ్చింది. 1955లో న్యూయార్క్ మ్యూజియంలో భారతీయ వస్త్రాల ప్రదర్శన జరిగినప్పుడు భారతీయ చేనేత, హస్తకళల కోసం పనిచేసిన పుపుల్ జయకర్‌తో పరిచయమైంది. భారత ప్రభుత్వ పిలుపు మీద వచ్చి దేశమంతా తిరిగి 1958 ఏప్రిల్లో ‘ఇండియా రిపోర్ట్’ ఇచ్చారు. గీతలో కర్మఫలం గురించి చెప్పిన మాటతో మొదలయ్యే ఆ నివేదికలో వాళ్లు ఆకాశానికెత్తింది చెంబును. నీళ్లు మోసేటప్పుడు నడుముకు ఎలా ఆనాలి, వంచితే ఎలా ఒంపాలి, తోమడానికి లోపలికి చెయ్యి పడుతుందా, ఖరీదెంత, అరిగాక లోహం ధర ఎంత అంటూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఎవరో ఒకడు కూర్చుని గీసినది కాదు, తరతరాలు వాడి వాడి తేల్చినది అన్నారు. ఆ నివేదిక ఆధారంగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది. 1965లో నెహ్రూ మీద న్యూయార్క్‌లో పెట్టిన ప్రదర్శనను ఆ సంస్థవాళ్లతో కలిసి చేశారు.

1970-71లో హార్వర్డ్‌లో నార్టన్ ఉపన్యాసాలిస్తూ ఛార్లెస్ దక్షిణ భారతపు అరిటాకు సంగతి చెప్పాడు. ఏమీ లేనివాడు అరిటాకులో తింటాడు. కాస్త కలిగినవాడు మట్టిపళ్లెంలో, అంతకంటే పైవాడు ఇత్తడిలో, కంచులో, వెండిలో, బంగారంలో. ఆ పైన ఇంకొకడుంటాడు, అన్నీ ఉండి, తెలిసి, అరిటాకులో తినేవాడు. పెళ్లిపంక్తిలో కూర్చున్న తెలుగువాడికి ఇది కొత్త విషయమేమీ కాదు. తమాషా ఏమిటంటే చౌకగా ఉండాలని పుట్టిన ఆ రెండు ముక్కల ప్లైవుడ్ కుర్చీ ఆ మెట్లు గబగబా ఎక్కేసింది. హక్కులున్న కంపెనీ దాన్ని ఇప్పటికీ తయారుచేస్తోంది, కానీ మధ్యతరగతి ఇల్లు దాని ధర చదివి పేజీ మూసేస్తుంది. ఎక్కువమందికి తక్కువ ఖర్చులో అన్న మాట నిలబెడుతున్నది, పేరు కూడా సరిగా పలకలేని మన కాఫీ షాపుల నకళ్లే.