మూడు లూపులు దాటితే పాపమా?

లూపులో లూపు, అందులో ఇంకో లూపు కనబడగానే మొహం చిట్లించడం మన వృత్తిలో ఓ ఆచారం. "మూడు దాటితే తప్పు" అని కొత్తగా చేరినవాళ్లకి చెప్పేస్తాం. ఎందుకు తప్పో మాత్రం చెప్పం. అసలీ మాట ఎక్కణ్ణించి వచ్చిందో కాస్త వెనక్కెళ్లి చూద్దాం.

1957లో ఐబీఎం 704 మెషీన్ కోసం జాన్ బ్యాకస్ బృందం ఫోర్‌ట్రాన్ కంపైలర్ని విడుదల చేసింది. అందులో లూపు రాయడానికి 'డూ' స్టేట్‌మెంట్ ఉండేది. ఒక డూలో ఇంకో డూ పెట్టుకోవచ్చు. లోపలిది పూర్తిగా బయటిదాని పరిధిలోనే ముగియాలి, అదీ షరతు. అర్రేకి అప్పట్లో మూడు డైమెన్షన్లే, 704లో ఇండెక్స్ రిజిస్టర్లూ మూడే. ఉన్న ఆ మూడింటినీ లూపులకి పొదుపుగా సర్దడానికి ఆ బృందం నానా తంటాలూ పడింది. అంటే లూపులో లూపు చెడ్డ అలవాటుగా పుట్టలేదండీ, లెక్కల అవసరం కొద్దీ పుట్టింది. మాత్రికల గుణకారమే చూడండి. అడ్డు వరుసకొకటి, నిలువు వరుసకొకటి, కూడికకొకటి... మూడు లూపులు వాటంతటవే వస్తాయి.

మరి గొడవెక్కడ మొదలైంది? 1968లో డైక్‌స్ట్రా 'గోటో' హానికరమంటూ రాసిన లేఖ మీకు తెలిసే ఉంటుంది. దానికి రెండేళ్ల ముందే, 1966లో, బోమ్, జకోపిని అనే ఇద్దరు గోటో లేకుండా వరుస, ఎంపిక, పునరావృతం అనే మూడింటితోనే ఏ ప్రోగ్రామైనా రాయొచ్చని చూపించారు. బావుంది. కానీ అడ్డంగా దూకే కోడ్ పోయి, దాని బదులు లోతుగా దిగే కోడ్ వచ్చిపడింది! మూడో లూపులో మనక్కావలసింది దొరికింది, ఇప్పుడు బయటికెలా రావడం? సీ భాషలో బ్రేక్ ఒక్క లూపుని మాత్రమే దాటిస్తుంది. దాంతో ప్రతి లూపుకీ ఓ ఫ్లాగు, ఆ ఫ్లాగుకో ఇఫ్ తగిలించాల్సొస్తుంది. 1974లో క్నూత్ ఓ పెద్ద వ్యాసం రాసి, కొన్నిచోట్ల గోటోయే నయమని వాదించింది ఇలాంటివాటి గురించే. జావా గోటోని వద్దనుకుని, లేబుల్‌తో బ్రేక్ ఇచ్చింది. పైథాన్‌కీ అలాంటిది కావాలని వచ్చిన ప్రతిపాదనని 2007లో గైడో తోసిపుచ్చాడు. ఫంక్షన్ చేసి రిటర్న్ ఇస్తే చాలా సందర్భాల్లో సరిపోతుందని ఆయన ఉద్దేశం.

ఇక మనవాళ్లు ఎక్కువగా చూపించే ఆధారం లైనక్స్ కెర్నల్ కోడింగ్ స్టైల్. ఇండెంటేషన్ మూడు లెవెల్స్ మించితే ప్రోగ్రాముని బాగుచేసుకోమంటాడు లైనస్ టోర్వాల్డ్స్. గమనించండి, అక్కడ లెక్కపెట్టేది లూపుల్ని కాదు, లెవెల్స్‌ని. ఇఫ్‌లు కూడా అందులో భాగమే. అది చదివే మనిషి కోసం పెట్టిన నియమం.

మెషీన్‌కి లోతుతో పనిలేదు. వెయ్యి అడ్డు వరుసలు, వెయ్యి నిలువు వరుసలున్న రెండు మాత్రికల్ని మామూలు పద్ధతిలో గుణిస్తే వంద కోట్ల గుణకారాలు. లోపలి లూపుని తీసి ఫంక్షన్లో పెట్టినా అవే వంద కోట్లు, చెత్తని చాప కిందకి ఊడ్చినట్టు! వాటిని నిజంగా తగ్గించినవాడు స్ట్రాసెన్. రెండేసి వరుసల మాత్రికలకి 8 గుణకారాలు అక్కర్లేదు, 7 చాలని 1969లో చూపించాడు. ఇంకో తమాషా ఏంటంటే, మాత్రికని క్యాషేలో పట్టే ముక్కలుగా కోసి గుణిస్తే మూడు లూపులు కాస్తా ఆరవుతాయి. గుణకారాల సంఖ్య మారదు, ప్రోగ్రాం మాత్రం పెద్ద మాత్రికల మీద చాలా వేగంగా నడుస్తుంది. "మూడు దాటితే తప్పు" అనేవాళ్లు దీన్నేమంటారో మరి!

అలాగని ఇష్టమొచ్చినంత లోతుకి వెళ్లమని కాదు. లెక్కలోంచి వచ్చిన లోతు వేరు, ఫ్లాగులూ ఇఫ్‌లూ పేరుకుని వచ్చిన లోతు వేరు. రెండోది విడగొట్టాల్సిందే. నేనైతే రివ్యూలో రెండే ప్రశ్నలడుగుతాను. అన్నిటికన్నా లోపలి లైను ఎన్నిసార్లు నడుస్తుంది? మధ్యలో బయటపడాలంటే దారేది? ఈ రెంటికీ జవాబు చెప్పగలిగినవాళ్లు నాలుగు లూపులు రాసుకున్నా నాకు పేచీ లేదు.