ఆముదం చుక్క, సోయకూర సీసా

దీపాలు పెట్టే వేళకు నెలల పిల్ల గుక్కపట్టి ఏడిస్తే, సూర్యాపేటలోని మా ఇంట్లో నాయనమ్మ ముందు పొట్ట తట్టి చూసేది. గట్టిగా ఉంటే తమలపాకుకు ఆముదం రాసి దీపం సెగకు పట్టేది. ఆ ఆకును తన చెంపకు ఆనించుకుని, వేడి సరిపోయిందనుకున్నాకే పిల్ల బొడ్డు చుట్టూ పరిచేది. ఆ తర్వాత రెండు కాళ్లూ మోకాళ్ల దగ్గర మడిచి మెల్లగా పొట్టకేసి ఒత్తేది. గాలి బయటికి పోయేది, ఏడుపు వెక్కిళ్లలోకి దిగేది.

ఆముదమే ఎందుకంటే ఇక్కడి చెలకల్లో పండింది అదే. నిజాం కాలం నుంచీ మా ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆముదాలకు పెట్టింది పేరు. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలినదాన్ని గరిటెతో తీసి కాచుకునేవాళ్లు. అదే వంటాముదం. పసివాళ్లకు గానుగ ఆముదం వాడనిచ్చేవాళ్లు కాదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, కోదాడ వైపు వరి పరుచుకుంది, రైసు మిల్లులు లేచాయి. ఆముదం సీసా దుకాణం నుంచి వచ్చే సరుకైంది.

పొట్ట మీద పెట్టేది ఇది. నోట్లో పోసేదాని కథ వేరు. మూతి ముందుకు సాగిన చిన్న ఉగ్గుగిన్నె, అందులో ఓమ నీళ్లో, సాన మీద అరగదీసిన వసకొమ్మో. గలగలా మాట్లాడేవాళ్లను "నీకు వస పోశారా" అని ఇప్పటికీ అడుగుతాం. ఆ మాటంటే నాకెంతో ఇష్టం, కానీ ఆ కొమ్మును మాత్రం పసినోటికి తగలనివ్వను. వసలో ఉండే బీటా అసరోన్ హానికరమని తేలాక అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో కలపకుండా నిషేధించింది. పసివాళ్లకు వసతో వాంతులు పట్టుకోవడం వైద్యులు చూస్తూనే ఉన్నారు.

ఉగ్గుగిన్నె పక్కకు ఇంకో దేశపు ఉగ్గు వచ్చి చేరింది. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల తయారీదారు దాన్ని మొదలుపెట్టాడు. ఆ దేశపు తూర్పు చిత్తడి నేలల్లో పసివాళ్లకు చలిజ్వరం వచ్చేది, అది మలేరియానే. దానికిచ్చే మందు కడుపును కూడా కుదుటపరుస్తోందని గమనించి, దాన్నే తన పద్ధతిలో మలిచాడు. సోయకూర గింజల నూనె, వంటసోడా, చక్కెర, నీళ్లు, వాటితోపాటు 3.6 శాతం ఆల్కహాలు! 1876లో గ్రైప్ వాటర్ పేరును నమోదు చేయించాడు. గ్రైప్ అంటే పేగులు మెలిపెట్టే నొప్పి.  బ్రిటన్‌లో ఆల్కహాలు తీసేసింది 1990లలోనే. మన దగ్గర ఆ సీసాను టీటీకే సంస్థ ఇంటింటికీ చేర్చింది.

ఇవన్నీ పోశాక ఏడుపు ఎందుకు తగ్గేదో లెక్క కట్టి చూసినవాళ్లున్నారు. రోజుకు 3 గంటలకు మించి, వారానికి 3 రోజులకు మించి, 3 వారాలకు పైగా ఏడిస్తే దాన్ని కోలిక్ అనాలని 1954లో వెసెల్ అనే పిల్లల వైద్యుడి బృందం అంది. 1962లో మరో పిల్లల వైద్యుడు బ్రేజెల్టన్ తల్లుల చేత ఏడుపు సమయాలు రాయించాడు. ఏడుపు ఆరో వారంలో బాగా పెరిగి, మూడో నెల నాటికి తగ్గిపోతోందని తేలింది. ఏం పోసినా, పోయకపోయినా తగ్గేదే. తగ్గించిందన్న పేరు మాత్రం అప్పుడు చేతిలో ఉన్న గిన్నెకు దక్కింది.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుంచీ చెబుతోంది. జ్వరం, పచ్చని వాంతి, పాలు ముట్టకపోవడం కనిపిస్తే ఆకులూ వద్దు, సీసాలూ వద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆ లక్షణాలేవీ లేనప్పుడు పాలు తాగాక భుజం మీద వేసుకుని తేన్పు తెప్పించడం, ఒళ్లో పెట్టుకుని ఊపడం, జోకొట్టడం చాలు. నాయనమ్మ చేతిలో పని చేసింది ఆకూ ఆముదమూ కాదు, ఆ వెచ్చదనమూ ఆ మెల్లని ఒత్తిడీ అని నా నమ్మకం.

మిర్యాలగూడలో మా చెల్లె ఇల్లు కట్టుకుంటున్నప్పుడు, స్లాబు పోసే ముందు రోజు మేస్త్రీని పిలిచి ముందు గది నడిమధ్యలో చోటు చూపించింది. తొట్టెల కోసం అక్కడ ఇనుప కొక్కెం ఉండాలంది. అప్పటికి ఆమెకు ఐదో నెల.