జ్వరం ముదిరితే రక్తనాళాల్లో గడ్డలు

అనంతసాగరం: పశ్చిమాన వెలిగొండలు, చెంతనే సోమశిల జలాశయం, నడుమ పొలాలు, పొదలు. వీటిలో నిత్యం తిరిగే రైతులు, పశువుల కాపరులు తెలుసుకోవలసిన జ్వరం స్క్రబ్ టైఫస్. 2025 చివరలో రాష్ట్రంలోని పలు జిల్లాల్లో దీని కేసులు వెలుగుచూశాయి. నల్లిని పోలిన అతిసూక్ష్మ కీటకపు పిల్లపురుగు కుట్టడం వల్ల ఇది సోకుతుంది. కుట్టినచోట చుట్టతో కాల్చినట్లు నల్లని పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు. చంక, గజ్జ, నడుము వంటి మరుగు చోట్ల ఉండటంతో చాలాసార్లు రోగికే తెలియదు. కొందరిలో ఆ మచ్చే కనిపించదు.

ఈ క్రిమి రక్తనాళాల లోపొర కణాల్లో చేరి పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టకుండా చూసేది ఆ పొరే. అది దెబ్బతింటే నాళాలు వాచి, ద్రవం బయటకు ఊరుతుంది. క్రిమిపై పోరాడే తెల్లరక్తకణాలు 'టిష్యూ ఫ్యాక్టర్' అనే పదార్థాన్ని పైకి తెచ్చి గడ్డకట్టే ప్రక్రియను ప్రారంభిస్తాయి. క్రిమిని ఉన్నచోటనే బంధించడానికి ఇది శరీరం చేసుకునే ఏర్పాటు. అయితే ఇన్‌ఫెక్షన్ తీవ్రమైతే అది హద్దు దాటుతుంది. గడ్డకట్టే క్రమంలో పుట్టే త్రాంబిన్ తిరిగి నాళాల పొరను రెచ్చగొట్టి వాపును పెంచుతుంది. ఆ వాపు మరిన్ని గడ్డలకు దారితీస్తుంది. అదుపు చేయవలసిన ప్రొటీన్-సి, యాంటీథ్రాంబిన్ తరిగిపోతాయి. సన్నని నాళాలు పూడుకుపోయి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతింటాయి. ప్లేట్‌లెట్లు ఈ గడ్డల్లోనే ఖర్చయిపోవడంతో లోపల గడ్డలున్న రోగికే చిగుళ్ల నుంచి రక్తం కారవచ్చు. ప్లేట్‌లెట్లు తగ్గగానే డెంగీ అని తేల్చుకుని, వాటిని ఎక్కించమని బంధువులు పట్టుబట్టడం పరిపాటి అయింది. అసలు కారణం అలాగే ఉండిపోతే ఎక్కించి ప్రయోజనం స్వల్పం.

గడ్డలను ఆపితే చాలునన్న ఆశ కూడా పూర్తిగా ఫలించలేదు. తీవ్ర ఇన్‌ఫెక్షన్లకు 2001లో అమెరికాలో అనుమతి పొందిన యాక్టివేటెడ్ ప్రొటీన్-సి ఇంజక్షన్ మరణాలను తగ్గించడం లేదని తేలి 2011లో మార్కెట్ నుంచి ఉపసంహరించారు. కొవిడ్ కాలంలో 'డి-డైమర్' పరీక్ష పల్లెలకూ పరిచయమైంది. కరిగిన గడ్డల శకలాలను కొలిచేది అదే. నాడు హెపారిన్ అధిక మోతాదు వార్డులోని రోగులకు మేలు చేసింది గానీ, ఐసీయూకు చేరినవారికి చేయలేదు.

స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ వంటి చవక మందులున్నాయి. వెల్లూరు సీఎంసీ వైద్యుల ఆధ్వర్యంలో దేశంలోని ఏడు ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వ్యాధి తీవ్రమైనవారికి రెండు మందులూ నరానికి కలిపి ఇస్తే, మరణం, తగ్గని జ్వరం, అవయవ సమస్యలు అన్నీ కలిపి 33 శాతం మందిలో కనిపించాయి. ఒక్కో మందే ఇచ్చినవారిలో అవి 47, 48 శాతం.

అయిదు రోజులు దాటిన జ్వరమైతే పొలం, పొదల్లో తిరిగిన సంగతి వైద్యునికి చెప్పి, ఒళ్లంతా పరీక్ష చేయించుకోవాలి. ఆయాసం, మూత్రం తగ్గడం, మాట తడబడటం, రక్తస్రావం కనిపిస్తే రోజులు లెక్కించక 108కు ఫోన్ చేయాలి.