చెరియాల పటం, తపాలా పాఠం

గురువు ఎదుట లేకుండా అచ్చుపాఠాలతోనో, ప్రసారాలతోనో సాగే చదువును దూరవిద్య అంటారు. 1948లో అమెరికాలో వెలసిన ఫేమస్ ఆర్టిస్ట్స్ స్కూల్, విద్యార్థులు తపాలాలో పంపిన బొమ్మలపై పలుచని కాగితం పరిచి, సవరణలు గీసి తిప్పి పంపేది. గీత వరకు ఆ పద్ధతి చక్కగానే నడిచింది. మన దేశంలోనూ దూరవిద్య విస్తరించింది: తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడి, 1991లో అంబేద్కర్ పేరు పొంది, ఇంటర్ చదవని వారికీ డిగ్రీ తలుపు తెరిచింది.

అయితే తెలంగాణలోని బచ్చన్నపేట పొరుగున ఉన్న చెరియాలలో నకాషీలు, అంటే పటచిత్రకారులు, ఇంటి విద్యగా నేర్పుతూ వచ్చిన పని దూరవిద్య చట్రంలో సులువుగా ఇమడదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వారి వంటి కథకులకు పటం గీయాలంటే, ముందుగా ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, బంక కలిపి పూతలు పూసి ఆరబెట్టాలి. పూత మందమైతే పటం చుట్టినప్పుడు పగుళ్లు పడతాయి. ఆ చిక్కదనం వేళ్లకు తెలియాలి తప్ప అక్షరాలకు అందదు. ఎర్రని నేపథ్యం, వరుసల్లో సాగే కథాక్రమం, పాత్రల గుర్తులు మాత్రం పుస్తకంలోనూ, వీడియోలోనూ బాగానే పట్టుబడతాయి. కనుక ఈ విద్యలో సగాన్ని ఇంటి దగ్గరే నేర్వవచ్చు, తక్కిన సగానికి చెరియాల వెళ్లక తప్పదు.